తలుపు నేలకు రాచుకుంటే చిత్రిక పట్టే ముందు బందులు చూడండి

జడ్చర్ల నుంచి రాసిన మిత్రుని ప్రశ్న సారాంశం ఇది. ఎనిమిదేళ్ళ కిందట కట్టిన ఇంట్లో పడకగది తలుపు ఈ వానాకాలంలో గొళ్ళెం వైపు కింది మూల నేలకు రాచుకొని బండల మీద గీత పడుతోంది. పైన ఉన్న బోల్టు కూడా రంధ్రంలోకి వెళ్ళడం లేదు. చూడడానికి వచ్చిన పనివారు "వానకు చెక్క ఉబ్బింది, కింద అర అంగుళం కోసేస్తే సరిపోతుంది" అన్నారు. కోయించాలా, ఇంట్లోనే సరిచేసుకోవచ్చా, పక్క గదికి తెచ్చి పెట్టుకున్న కొత్త తలుపును తామే బిగించుకోవడం సాధ్యమేనా అని ఆయన అడిగారు.

కోయించకండి. మీరు చెప్పిన రెండు లక్షణాలను బట్టి చూస్తే మీ తలుపు ఉబ్బలేదు, వాలింది. ఈ రెండింటికీ తేడా తెలియకపోవడం వల్లనే మన ఇళ్ళలో చాలా తలుపులు అనవసరంగా రంపం కిందికి వెళ్తున్నాయి. నేను వృత్తిరీత్యా వడ్రంగిని కాను. నల్గొండలో మా సొంత ఇల్లు, దేవరకొండలో మా తమ్ముని ఇల్లు, ఇరుగుపొరుగు ఇళ్ళు కలుపుకొని ఇరవై ఏళ్ళుగా తలుపులు విప్పుతూ బిగిస్తూ నేర్చుకున్నది చెబుతున్నాను. ముందుగా మాటల సంగతి ఒకటి చెప్పాలి. మా వైపు గోడలో నిలబెట్టే చట్రాన్ని దర్వాజ అనీ, తెరుచుకునే రెక్కను తలుపు అనీ అంటాము. ఈ జవాబులో అవే మాటలు వాడుతున్నాను. బందులు అన్నది మీరు హింజెస్ అని రాసినవే.

చెక్క తేమను పీల్చుకున్నప్పుడు అడ్డంగా ఉబ్బుతుంది కాని, నారలు సాగే దిశలో, అంటే పొడవునా, దాదాపు పెరగదు. పలకల తలుపులో పై నుంచి కింది దాకా వచ్చే నిలువు కమ్ములే దాని ఎత్తును నిర్ణయిస్తాయి. వాటి నారలు నిలువుగానే ఉంటాయి కనుక ఎంత వాన కురిసినా 7 అడుగుల తలుపు ఎత్తు మన కంటికి తెలిసేంతగా పెరగదు. వెడల్పు మాత్రం పెరుగుతుంది. అందువల్ల వానకు ఉబ్బిన తలుపు గొళ్ళెం వైపు నిలువు అంచు వెంట దర్వాజకు పట్టేస్తుంది. నేలకు రాచుకోదు. నేలకు రాచుకుంటున్నదంటే బందులు వదులై తలుపు వాలి ఉండాలి, లేదా నేలే పైకి లేచి ఉండాలి, లేదా దర్వాజ ఒక పక్కకు దిగి ఉండాలి. మీ ఇంట్లో కింది మూల రాచుకోవడమూ, పై బోల్టు రంధ్రం తప్పడమూ ఒకే దోషానికి రెండు ముఖాలు. పై బందు వదులైనప్పుడు తలుపు పైభాగం గొళ్ళెం వైపుకు జరుగుతుంది, ఆ వైపు మూల కిందికి దిగుతుంది. కింద అర అంగుళం కోస్తే రాపిడి ఆగవచ్చు, బోల్టు మాత్రం పడదు. దాని కోసం దర్వాజలో రంధ్రాన్ని పెద్దది చేస్తారు. మరో ఏడాదికి బందు ఇంకా వదులవుతుంది, మూల మళ్ళీ నేలను తాకుతుంది.

ఇది నేను నష్టపోయి తెలుసుకున్న విషయం. మా ఇంటి లోపలి తలుపులు వేపచెక్కవి. ఒక ఆగస్టులో వంటింటి తలుపు గొళ్ళెం వైపు పై మూలలో పట్టేసింది. నేను బందులను చూడకుండానే చెక్కను పలుచగా గీకి తీసే రందా తెచ్చి ఆ అంచంతా చిత్రిక పట్టాను. ఆ రోజు తలుపు హాయిగా పడింది. ఏప్రిల్ వచ్చి, నల్గొండ ఎండ 44 డిగ్రీలు దాటేసరికి చెక్క ఎండి ముడుచుకొని, ఆ వైపు చిటికెన వేలు దూరేంత సందు ఏర్పడింది, గడియ నాలుక దర్వాజ పట్టీని అందుకోలేకపోయింది. మా వీధిలోని పెద్దవయసు వడ్లాయన, అంటే వడ్రంగి, వచ్చి చూసి, పై బందు స్క్రూలు మూడు ఊడిపోయి ఉన్నాయని చూపించారు. ఆ స్క్రూలు బిగించి ఉంటే సరిపోయే తలుపుకు నేను ఒక అంగుళం చెక్క పట్టీని ఫెవికాల్‌తో అతికించి, మేకులు కొట్టి, మళ్ళీ రంగు వేయవలసి వచ్చింది. ఆ అతుకు ఇప్పటికీ కనిపిస్తుంది. తీసేసిన చెక్కను తిరిగి పెట్టడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది కనుకనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మొదట తలుపును మూసి, గదిలో నిలబడి చుట్టూ ఉన్న సందును చదవండి. బాగున్న తలుపుకు పైనా రెండు పక్కలా 2 నుంచి 3 మిల్లీమీటర్ల సందు ఒకే తీరుగా ఉంటుంది. రెండు రూపాయి బిళ్ళలను ఒకదాని మీద ఒకటి పెట్టినంత అనుకోవచ్చు. వాలిన తలుపుకు బందుల వైపు సందు పైన వెడల్పుగానూ కింద సన్నగానూ ఉంటుంది, గొళ్ళెం వైపు సరిగ్గా దానికి విరుద్ధంగా ఉంటుంది, పైసందు గొళ్ళెం వైపుకు పోయేకొద్దీ వెడల్పవుతుంది. ఉబ్బిన తలుపుకు గొళ్ళెం వైపు సందు పై నుంచి కింది దాకా ఒకే తీరుగా మూసుకుపోతుంది. ఒక పోస్టుకార్డు తీసుకొని మూసిన తలుపు చుట్టూ జరిపితే అది ఎక్కడ ఆగుతుందో అక్కడ పట్టేస్తున్నట్లు లెక్క. ఆ తరువాత తలుపును సగం తెరిచి, గొళ్ళెం వైపు అంచును రెండు చేతులతో పట్టుకొని కొద్దిగా పైకి ఎత్తి వదలండి. ఆ సమయంలో ఇంట్లో ఇంకొకరు పై బందును దగ్గరగా చూస్తూ ఉండాలి. బందు రేకు దర్వాజ మీద ఏ మాత్రం కదిలినా దోషం దొరికినట్లే. రేకు కదలకుండా, రెండు రేకులను కలిపే నడుమ చీల దగ్గర ఆట ఉంటే బందే అరిగిందని అర్థం, అప్పుడు ఆ బందును మార్చాలి.

బరువు లెక్క తెలిస్తే పై బందే ఎందుకు ముందు వదులవుతుందో అర్థమవుతుంది. 7 అడుగుల ఎత్తు, 3 అడుగుల వెడల్పు ఉన్న టేకు తలుపు 30 కిలోలకు పైనే తూగుతుంది. ఆ బరువు తలుపును గొళ్ళెం వైపుకు వాల్చాలని చూస్తుంది. అందువల్ల పై బందు స్క్రూలను బయటికి లాగుతుంది, కింది బందును దర్వాజలోకి నెడుతుంది. నెట్టే బలానికి చెక్క తట్టుకుంటుంది, లాగే బలానికి స్క్రూ మరలు కొరికిన చెక్క పొడిగా రాలిపోతుంది. పైగా చాలామంది పనివారు తొందరలో స్క్రూను సుత్తితో ముప్పాతిక దాకా కొట్టి, చివరి నాలుగు చుట్లు మాత్రమే తిప్పుతారు. అలా కొట్టిన స్క్రూకు చెక్కలో మరలు పడవు, అది నునుపు మేకుతో సమానం. మీ ఇంట్లో తలుపులు బిగించే రోజున దగ్గర నిలబడి ఈ ఒక్కటి చూసుకోండి.

స్క్రూ బిగిస్తే బిగిసి ఆగితే మంచిదే. తిరుగుతూనే ఉంటే రంధ్రం అరిగిపోయింది. అప్పుడు రెండు మార్గాలు ఉన్నాయి. దర్వాజ చెక్క గట్టిగా ఉంటే, పాత 1.25 అంగుళాల స్క్రూ తీసి అదే లావులో 2 లేదా 2.5 అంగుళాల స్క్రూ వేస్తే అది లోపలి కొత్త చెక్కను పట్టుకుంటుంది. అన్నింటినీ మార్చనక్కరలేదు, ప్రతి బందుకు రెండు చాలు. రంధ్రం బాగా పెద్దదైతే దానిని 8 మిల్లీమీటర్ల డ్రిల్లుతో శుభ్రంగా తొలిచి, ఎండిన టేకు చీలను ఫెవికాల్‌లో ముంచి గట్టిగా దిగగొట్టి, ఒక రోజంతా ఆరనిచ్చి, పొడుచుకు వచ్చిన భాగాన్ని ఉలితో సమం చేసి, మళ్ళీ కొత్త రంధ్రం పెట్టాలి. అగ్గిపుల్లలు కుక్కి స్క్రూ బిగించడం అందరికీ తెలిసిన ఉపాయమే. ఫెవికాల్‌తో కలిపి చేస్తే తేలిక తలుపుకు కొంత కాలం పనిచేస్తుంది కాని, టేకు తలుపు పై బందుకు నేను దానిని నమ్మను. 8వ నంబరు స్క్రూకు మెత్తని చెక్కలో 2.5, టేకులోనూ వేపలోనూ 3 మిల్లీమీటర్ల రంధ్రం ముందుగా పెట్టి, స్క్రూ మొనకు కాస్త సబ్బు రాస్తే సాఫీగా దిగుతుంది. ఇత్తడి స్క్రూలైతే అదే కొలత ఇనుప స్క్రూను ముందు ఒకసారి బిగించి తీసి, ఆ తరువాత ఇత్తడిది వేయాలి, లేకపోతే గట్టి చెక్కలో దాని తల విరిగి చేతికి వస్తుంది.

స్క్రూలన్నీ గట్టిపడ్డాక కూడా మూల కొద్దిగా తాకుతుంటే అట్టముక్క ఉపాయం పనిచేస్తుంది. మా వడ్లాయన నాకు చూపించింది ఇదే, ఇందులో చాలామంది తికమకపడతారు కనుక వివరంగా చెబుతాను. కింది బందు రేకు వెనుక, దర్వాజ వైపు, అట్టముక్క పెడితే తలుపు కిందిభాగం గొళ్ళెం వైపుకు జరిగి, గొళ్ళెం వైపు మూల పైకి లేస్తుంది. అదే అట్టముక్కను పై బందు వెనుక పెడితే మూల కిందికి దిగుతుంది. కనుక నేలకు రాచుకునే తలుపుకు పై బందు వెనుక అట్ట పెట్టడం రోగాన్ని పెంచడమే. ఎంత లేస్తుందో లెక్క కట్టవచ్చు. పై బందుకూ కింది బందుకూ మధ్య దూరం 65 అంగుళాలు, తలుపు వెడల్పు 36 అంగుళాలు అనుకుంటే, కింద 1 మిల్లీమీటరు అట్ట పెట్టినప్పుడు మూల సుమారు అర మిల్లీమీటరు పైకి వస్తుంది. అంటే ఇది చిన్న సవరణకు మాత్రమే. 2 మిల్లీమీటర్లకు మించి పెట్టవద్దు, ఎందుకంటే కింద గొళ్ళెం వైపు సందు అంతే మేరకు తగ్గిపోతుంది. నడిమి బందు ఉంటే దాని వెనుక సగం మందం అట్ట తప్పక పెట్టాలి, లేకపోతే మూడు చీలలూ ఒకే గీతలో ఉండక తలుపు మొరాయిస్తుంది. స్నానాల గది తలుపైతే అట్టకు బదులు పాత ప్లాస్టిక్ డబ్బా మూత కత్తిరించి వాడండి, అట్ట తేమకు నాని ముద్దవుతుంది.

మూసేటప్పుడు చివరలో స్ప్రింగు ఉన్నట్టు వెనక్కి తన్నే తలుపుల సంగతి వేరు. అక్కడ బందు రేకులు చెక్కలోకి మరీ లోతుగా దిగి ఉంటాయి, లేదా స్క్రూ తలలు పైకి లేచి ఒకదానినొకటి తాకుతూ ఉంటాయి. తలలను లోపలికి కూర్చోబెట్టడమో, అన్ని బందుల వెనుకా సమానంగా పలుచని అట్ట పెట్టడమో చేస్తే సరిపోతుంది. అలాంటి తలుపును బలవంతంగా నెట్టి మూస్తూ ఉంటే స్క్రూలు ఊడి వస్తాయి.

వానకు నిజంగా ఉబ్బిన తలుపు విషయంలోనూ తొందర పనికిరాదు. వానాకాలంలో ఎక్కడ పట్టేస్తుందో అక్కడ పెన్సిలుతో గీత గీసి, ఎంత తీయాలో రాసి పెట్టుకొని, కొన్నాళ్ళు ఓర్చుకోండి. అంతవరకు అంచుకు మైనపు వత్తి రుద్దితే కొంత జారుతుంది. చలికాలం వచ్చి చెక్క ఆరిన తరువాత, గీసుకున్న మేరకే చిత్రిక పట్టి, అదే రోజు ప్రైమర్, ఆ తరువాత రంగు వేయాలి. పచ్చి అంచు మీద రంగు పట్టదు, రంగు లేని అంచు మళ్ళీ తేమ తాగుతుంది. దీనివల్లనే కొత్త తలుపు బిగించే కాలాన్ని బట్టి కూడా సందు మారాలి. మండువేసవిలో బిగిస్తే గొళ్ళెం వైపు 4 మిల్లీమీటర్లు వదలండి, జోరువానల్లో బిగిస్తే 2 చాలు.

కొత్త తలుపును మీరే బిగించుకోవచ్చు కాని, ఒంటరిగా కాదు. మనిషికి మనిషి తోడు ఉండాలి. దర్వాజ లోపల తలుపు కూర్చునే గాడి వెడల్పును పైన, నడుమ, కింద మూడు చోట్ల కొలవండి. ఎత్తును రెండు పక్కలా కొలవండి. మూల నుంచి మూలకు రెండు కర్ణాలూ కొలవండి. కర్ణాలు సమానంగా లేకపోతే దర్వాజ మూలమట్టానికి లేదని అర్థం, అప్పుడు తలుపును దర్వాజ ఆకారానికే సవరించాలి. తాపీమేస్త్రీ తూకం గుండుతో బందుల వైపు దర్వాజ కమ్మి నిలువుగా ఉందో లేదో రెండు దిక్కుల నుంచీ చూడండి. అది వంగి ఉంటే తలుపు తనంతట తాను తెరుచుకోవడమో మూసుకోవడమో చేస్తుంది, దానికి ఏ బందూ పూర్తి మందు కాదు. దర్వాజను ఎత్తే రోజున ముహూర్తం మీద పెట్టే శ్రద్ధలో కొంత తూకం గుండు మీద కూడా పెడితే తలుపులకు ఈ బాధ ఉండదు. గోడలో నిలబడిపోయిన దర్వాజను ఇప్పుడు కదిలించలేరు కనుక, చీల ఊడివచ్చే బందులైతే ఒక చీలను తీసి, రాతి మీద పెట్టి, నడుమ సుత్తితో మెల్లగా ఒక్క దెబ్బ వేసి వెంట్రుకవాసి వంచి మళ్ళీ దించండి. ఆ బిగువుకు తలుపు వదిలిన చోట నిలుస్తుంది.

తలుపు వెడల్పు గాడి వెడల్పు కంటే 5 లేదా 6 మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి. పైన 3, కింద 8 మిల్లీమీటర్ల సందు, స్నానాల గదికి కింద 10 నుంచి 12 ఉండాలి. బందులు 4 అంగుళాలవి మూడు పెట్టండి, తడి తగిలే చోట స్టెయిన్‌లెస్ స్టీలువే తీసుకోండి. పై బందు తలుపు పై అంచు నుంచి 7 అంగుళాల కింద, కింది బందు కింది అంచు నుంచి 10 అంగుళాల పైన, మూడోది నడుమ లేదా బరువైన తలుపుకు నడుమకంటే కాస్త పైన రావాలి. రేకు కూర్చునే గుంటను పెన్సిలుతో కాక పదునైన కత్తితో గీసి, ఉలితో సరిగ్గా రేకు మందమంత లోతే తీయాలి. బందులను ముందు తలుపుకు బిగించి, తలుపును చెక్క చీలికల మీద నిలబెట్టి ఎత్తు సరిచూసి, దర్వాజ వైపు ప్రతి బందుకు ఒక్కొక్క స్క్రూ మాత్రమే వేసి, తెరిచి మూసి చూడండి. అంతా బాగుంటేనే మిగిలినవి వేయాలి. బిగించేటప్పుడు పై బందు మొదట, విప్పేటప్పుడు పై బందు చివర. ఈ వరుస తప్పితే తలుపు బరువంతా ఒక్క బందు మీద పడి రేకు వంగుతుంది, పక్కన ఉన్న మనిషికి దెబ్బ తగులుతుంది. గొళ్ళెం వైపు అంచును, దర్వాజ గాడిలోకి ముందుగా దూరే పక్క, ఒక్క 2 మిల్లీమీటర్లు వాలుగా చిత్రిక పడితే మూసేటప్పుడు ఆ కోణం దర్వాజకు తగలదు.

కింద కోయడం న్యాయమైన సందర్భం ఒకటి ఉంది. దేవరకొండలో మా తమ్ముడు పాత షాబాద్ బండలను తీయకుండా వాటి మీదనే టైల్స్ వేయించాడు. నేల దాదాపు ముప్పాతిక అంగుళం పైకి వచ్చి ఒక్క తలుపూ తెరుచుకోలేదు. అక్కడ కోయక తప్పలేదు. టైల్స్ మీద తలుపు తిరిగే మేరంతా కొలిచి, ఎత్తైన చోటును బట్టి గీత గీసి, గీత వెంట కత్తితో లోతుగా గాటు పెట్టి, దాని మీద టేపు అంటించి కోస్తే అంచు చిట్లదు. రెండు పక్కలా నునుపు ప్లైవుడ్ అతికించిన ఫ్లష్ డోర్ అయితే జాగ్రత్త, చుట్టూ గట్టి చెక్క చట్రం ఒకటి రెండు అంగుళాలే ఉంటుంది, ఎక్కువ కోస్తే లోపలి పొర బయటపడుతుంది.

తలుపు సరిపడిన తరువాతనే గడియలను చూడండి. బోల్టు కొనకు కాటుకో తడిపిన సుద్దో రాసి, తలుపు మూసి తోస్తే దర్వాజ మీద అచ్చు పడుతుంది, ఆ గుర్తును బట్టి పట్టీని జరపండి. కిర్రుమనే బందులకు కొబ్బరినూనె వేయవద్దు, అది కొన్నాళ్ళకు జిగురై దుమ్ము పడుతుంది. కుట్టుమిషను నూనె రెండు చుక్కలు చాలు.

ఇంకొక్క సంగతి, ఇది మన ఇళ్ళకు ప్రత్యేకం. మనం కడపను కడిగి పసుపు రాస్తాము, నేలను రోజూ తడిగుడ్డతో తుడుస్తాము. ఆ నీరు తలుపు కింది అంచు నుంచి పైకి పాకుతుంది. తలుపుకు ముందూ వెనుకా రెండు పూతలు వేసే పనివారు కింది అంచును, పై అంచును వట్టిగా వదిలేస్తారు, ఎందుకంటే అవి ఎవరికీ కనబడవు. చెక్క నీరు తాగేది ముఖ్యంగా నారల కొసల నుంచే, ఆ కొసలు ఉన్నది అక్కడే. కొత్త తలుపును నిలబెట్టే ముందే పడుకోబెట్టి ఆ రెండు అంచులకూ ప్రైమరు, రెండు పూతల రంగు వేయండి. పాత తలుపైతే బందుల పని కోసం విప్పిన రోజునే ఆ పని కూడా ముగించండి.

మీ పడకగది తలుపుకు మొదట పై బందు స్క్రూలు విప్పి, పొడవైనవి వేసి చూడండి. ఆ తరువాత కూడా మూల తాకుతుంటే, బందుల వైపూ గొళ్ళెం వైపూ పైన, నడుమ, కింద సందు ఎన్ని మిల్లీమీటర్లు ఉందో, రెండు బందుల మధ్య దూరం ఎంతో కొలిచి రాయండి. కింద ఎంత మందం అట్ట కావాలో లెక్క కట్టి చెబుతాను.